చియాంగ్ మాయ్‌ని మార్చిలో చూడండి, మేడమ్

ప్రశ్న: నేను విశాఖలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్‌ని. ఈ డిసెంబరు నెలాఖరుకి 62 నిండి రిటైర్ అవుతున్నాను. పెళ్లి చేసుకోలేదు. అమ్మ నా దగ్గరే ఉండేది, పోయి మూడేళ్లయింది. కిందటేడు నవంబరులో తోటి లెక్చరర్లతో థాయ్‌లాండ్ టూర్ వెళ్లాను. చియాంగ్ మాయ్‌లో నాలుగు రోజులున్నాం. ఆ కొండలు, ఆ చల్లదనం, ఎవరి పని వాళ్లు చూసుకునే మనుషులు! ఒంటరిదానివా అని ఆరా తీసి జాలిపడేవాళ్లు ఒక్కరూ లేరు. అప్పటి నుంచి అక్కడే ఉండిపోవాలని మనసు లాగుతోంది. కమ్యుటేషన్ (పెన్షన్‌లో ముందే ఒకేసారి తీసుకునే భాగం) పోను పెన్షన్ 58 వేలు వస్తుంది. గ్రాట్యుటీ, లీవు డబ్బు, దాచుకున్నవి అన్నీ కలిపి 60 లక్షల దాకా ఉంటాయి. ఎంవీపీ కాలనీలో సొంత ఫ్లాట్ ఉంది, 75 లక్షలు పలుకుతోంది. అది అమ్మి వీసా డిపాజిట్ కట్టేసి, ఇక తిరిగి రాకుండా వెళ్లిపోవచ్చా? అక్కడ పిల్లలకి ఊరికే ఇంగ్లీషు చెప్పాలని కూడా ఉంది. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. బెంగళూరులో ఉన్న చెల్లెలి కూతురు ఒక్కతే నాకు బాగా దగ్గర. అన్నయ్యేమో "ఈ వయసులో పిచ్చి పట్టిందా" అంటున్నాడు. ఆయనకి ఎలా చెప్పాలి? దయచేసి పేరు వేయకండి.

సమాధానం:

మేడమ్ గారూ,

మీ ఉత్తరం చదువుతుంటే మా బావమరిది గుర్తొచ్చాడు. 2015లో, మా ఆవిడ పోయిన ఏడాదికి, బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై ఇదే చియాంగ్ మాయ్‌కి వెళ్తానంటే ఆయన అన్నాడు కదా, "కాశీకి పోతానంటే ఒక అర్థముంది బావా. పేరు పలకడానికే నోరు తిరగని ఊరికి పోయి ఏం చేస్తావు?" అని. అయినా వెళ్లాను. నాలుగేళ్లున్నాను. ఎందుకు తిరిగొచ్చేశానో కాస్త ఆగి చెబుతాను. కాబట్టి మీ కోరికని పిచ్చి అనే అర్హత నాకు లేదు. ఫ్లాట్ అమ్మడం మాత్రం పిచ్చే.

ముందు ఊరి సంగతి. మీరు చూసింది నవంబరు. నవంబరులో చియాంగ్ మాయ్ పెళ్లిచూపులకి కూర్చున్న పిల్లలా ఉంటుంది. వానలు వెళ్లిపోయి ఉంటాయి, కొండలు కడిగినట్టుంటాయి. మన కార్తీక పౌర్ణమి నాడే వాళ్లకి లోయ్ క్రథోంగ్. అరటిబోదె చక్రాల మీద పువ్వులు, దీపం పెట్టి పింగ్ నదిలో వదులుతారు. మనవాళ్లు గోదావరిలో అరటి దొప్పల్లో దీపాలు వదిలినట్టే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అలాంటి నెలలో చూసి ఊరికి మనసిచ్చేయడం తప్పు కాదు గానీ, సంసారం మాత్రం మార్చితో కూడా చెయ్యాలి.

ఫిబ్రవరి సగం దాటిందగ్గర నుంచి ఏప్రిల్ సగం దాకా అక్కడ పొగ కాలం. కొండల మీద అడవులు అంటుకుంటాయి, కోసేసిన మొక్కజొన్న చేలకి నిప్పు పెడతారు, పక్కనున్న మయన్మార్, లావోస్‌ల నుంచి కూడా పొగ కొట్టుకొస్తుంది. ఊరు లోయలో, మూకుడు అడుగున ఉన్నట్టు ఉంటుంది కనుక ఆ పొగకి పోవడానికి దారి ఉండదు. 2019 మార్చిలో ప్రపంచం మొత్తం మీద గాలి అధ్వానంగా ఉన్న నగరాల్లో కొన్ని రోజులు మొదటి స్థానం ఈ ఊరిదే. మీరు టూర్లో ఎక్కిన దోయ్ సుతేప్ కొండ 1,600 మీటర్ల పైచిలుకు ఎత్తు. నా గది కిటికీకి ఎదురుగా ఉండేది. ఆ ఏడాది మూడు వారాలు అంత కొండా కనపడలేదు. ఉదయం తడిబట్టతో కిటికీ అంచు తుడిస్తే బట్ట పొయ్యిగుడ్డలా అయ్యేది. రాత్రిళ్లు దగ్గు. డాక్టరు ఒక గొట్టం ఇచ్చి ఊదమన్నాడు, ఊదాను, కాగితం చూసి "మీరు ఊరైనా మారండి, ఈ రెండు నెలలైనా మారండి" అన్నాడు. ఊరే మారాను. నేను తిరిగొచ్చిన కారణం ఇదే. డబ్బు అయిపోయీ కాదు, ఒంటరితనం భరించలేకా కాదు. ఆ రెండు నెలలు మారితే సరిపోయేదని తర్వాత తెలిసింది, అప్పటికి సామానంతా ఇచ్చేశాను.

అందుకని రిటైరైన మొట్టమొదటి మార్చిలో ఒక నెల వెళ్లి ఉండి రండి. టూర్ వాళ్లతో వద్దు, హోటల్లో వద్దు. నెల అద్దెకి ఒక గది తీసుకుని, కూరగాయలు మీరే కొనుక్కుని, బట్టలు మీరే ఉతుక్కుని ఉండండి. ఆ తర్వాత ఆగస్టులో వానల్లో ఇంకో నెల. 2024 అక్టోబరులో పింగ్ నది పొంగి నైట్ బజార్ వైపు వీధులన్నీ నీళ్లలో మునిగాయి. గది చూసేటప్పుడు "ఆ ఏడాది ఇక్కడ నీళ్లెంత వచ్చాయి?" అని అడగండి, గోడ మీద గుర్తు చూపిస్తారు. ఈ రెండు నెలలూ చూశాక కూడా మనసు లాగితే అప్పుడు అది నిజమైన లాగుడు.

ఇక డబ్బు. నేను వెళ్లినప్పుడు బాట్ రెండు రూపాయల లోపే. ఇప్పుడు రెండున్నరకీ మూడుకీ మధ్య ఆడుతోంది. అంటే ఏమిటి? మీ పెన్షన్‌కి డీఆర్, అంటే కరువు భృతి, కలుస్తూ ఉంటుంది నిజమే, కానీ అది మన దేశంలో ధరలు చూసి పెంచేది. బాట్ పెరిగితే దాని బాధ్యత ఎవరిదీ కాదు. 58 వేలు ఇవాళ లెక్కేస్తే 20 వేల బాట్ల చిల్లర. ఊరికి కాస్త ఎడంగా ఒక పడకగది ఉన్న చోటు 8 నుంచి 12 వేల బాట్లు, చేరేటప్పుడు మామూలుగా రెండు నెలల అడ్వాన్సు, కరెంటు వేరు. పొదుపుగా ఉండే ఒంటి మనిషికి నెలకి 28 వేల బాట్లు వేసుకోండి, ఇన్సూరెన్సు కాకుండా. పెన్షన్ ఒక్కటే చాలదు. ఫ్లాట్ అమ్మిన డబ్బు కరిగించుకుంటూ బతకొచ్చు అనుకుంటున్నారేమో. మీకు 62. మీ అమ్మగారు ఎన్నేళ్లు బతికారో రాయలేదు గానీ, ఆడవాళ్లు 90 దాకా హాయిగా బతుకుతున్న రోజులివి. కరిగే డబ్బు మీ కంటే ముందు అయిపోకూడదు. పైగా ఒకసారి అమ్మితే విశాఖలో మళ్లీ ఎంవీపీ కాలనీ ఫ్లాట్ మీ జీవితంలో కొనలేరు.

అసలు వీసాకి ఫ్లాట్ అమ్మాల్సిన పనే లేదు. 50 దాటిన వాళ్లకి థాయ్‌లాండ్ ఇచ్చే వీసాకి నాన్-ఇమ్మిగ్రెంట్ ఓ-ఏ అని పేరు. 8 లక్షల బాట్లు బ్యాంకులో ఉన్నట్టు చూపించాలి, లేదా నెలకి 65 వేల బాట్ల ఆదాయం చూపించాలి. రెండోది మన పెన్షన్లకి అందదు. మొదటిది ఇవాళ్టి లెక్కన 20 నుంచి 24 లక్షలు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. వీసా ఇక్కడి నుంచే, వాళ్ల ఎంబసీ ద్వారా పెట్టుకునేటప్పుడు ఆ డబ్బు మన దేశపు బ్యాంకులో, మీ పేరు మీద ఉంటే చాలు. ఏడాది తర్వాత అక్కడే ఉంటూ పొడిగించుకోవాలంటే అప్పుడు థాయ్ బ్యాంకులో వేయాలి. ముందే తొందరపడి పంపిస్తే ఏమవుతుందంటే, ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, పోదు. కానీ మీ రెండు లక్షల పైచిలుకు అన్ని నెలలు ఇరుక్కుపోతుంది. నేను ఫారెక్స్ కౌంటర్లో ఇరవై ఏళ్లు కూర్చున్నాను. అప్పట్లో ఈ టీసీఎస్ లేదు, నేను రిటైరయ్యాక వచ్చింది. "నా డబ్బు నేను పంపుకుంటే నాకెందుకు పన్ను" అని ఇప్పుడు గొడవపడే పెద్దవాళ్లకి ఈ సంగతి ముందే ఎవరో ఒకరు చెబితే బాగుండుననిపిస్తుంది.

వీసా కాగితాల్లో పోలీసు క్లియరెన్సు ఒకటి, డాక్టరు సర్టిఫికెట్ ఒకటి ఉంటాయి. ఆ డాక్టరు కాగితంలో కుష్ఠు, క్షయలతో పాటు బోదకాలు లేదని కూడా రాయించాలి. మన కోస్తా వాళ్ల కోసమే పెట్టారా అని నవ్వుకున్నాను అప్పట్లో.

అక్కడ చేరాక మాటిమాటికీ గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు. ఎడతెగకుండా 90 రోజులున్నప్పుడల్లా ఇమ్మిగ్రేషన్ వాళ్లకి ఫలానా చోట ఉన్నానని తెలపాలి. మీరు దిగిన 24 గంటల్లో ఇంటి ఓనరు మీ వివరం వాళ్లకి ఇవ్వాలి. ఇచ్చాడా లేదా అని మీరే అడగండి, చాలామంది మర్చిపోతారు. అక్కడ వీసా పొడిగించుకున్నాక దేశం దాటాలంటే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, లేకపోతే విమానం ఎక్కగానే ఆ పొడిగింపు చచ్చిపోతుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదని పరుగున వచ్చేటప్పుడే ఇది మర్చిపోతాం.

నా సలహా ఇదీ. మొదటి రెండు మూడేళ్లు అక్కడ "స్థిరపడకండి". ఏడాదిలో 180 రోజులు నిండకుండా ఉండండి. అక్టోబరు నెలాఖరులో వెళ్లి పొగ మొదలయ్యేలోపు ఫిబ్రవరిలో వచ్చేయండి, మళ్లీ జూన్‌లో ఒక నెల వెళ్లండి. జనవరి నుంచి డిసెంబరు లెక్కలో 180 రోజులు నిండితే మీరు అక్కడి పన్ను లెక్కల్లోకి వెళ్తారు. 2024 నుంచి బయట సంపాదించి దేశంలోకి తెచ్చుకున్న డబ్బు మీద కూడా వాళ్లు పన్ను అడుగుతున్నారు. ఇవతల, మీరు పూర్తిగా ఎన్నారై అయిపోతే సేవింగ్స్ ఖాతాని ఎన్నార్వోగా, అంటే ఎన్నారైల ఖాతాగా, మార్చాలి. అప్పుడు ఫ్లాట్ అద్దెకిస్తే అద్దెకున్నవాళ్లు ప్రతి నెలా 30 శాతం పైన పన్ను కోసి కట్టాలి. ఈ మాట చెబితే విశాఖలో సగం మంది ఇల్లు చూడకుండానే వెళ్లిపోతారు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీము కూడా ఎన్నారైలు తెరవడానికి లేదు. మీరు ఇంకా ఇక్కడి మనిషిగా ఉండగానే 30 లక్షలు అందులో వేయండి. ప్రస్తుతం 8.2 శాతం, మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది. నెలకి 20 వేలు కలిసినట్టే. 24 లక్షలు వీసాకి చూపించే డిపాజిట్. మిగిలిన ఆరు ముట్టుకోకండి. ఫ్లాట్‌కి ఈ రెండేళ్లూ తాళం వేసి ఉంచండి. అద్దె పోతుంది, పోనివ్వండి. వెనక్కి రావడానికి ఒక తలుపు ఉంచుకున్నందుకు కట్టే రుసుం అనుకోండి. అయితే ఈ లెక్కంతా గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు ఖాతాలో పడ్డాకే. ఆర్డరు వచ్చింది కదా అని టికెట్టు కొనకండి, మార్చి టికెట్టు తప్ప.

ఇన్సూరెన్సు గురించి కటువుగా చెబుతాను. మీ హెల్త్ కార్డు థాయ్‌లాండ్‌లో చెల్లదు. మన దేశంలో తీసుకున్న మామూలు పాలసీలూ దాదాపుగా అంతే. ఓ-ఏ వీసాకి 30 లక్షల బాట్ల కవరేజీ ఉన్న పాలసీ అడుగుతారు. నేను వెళ్లినప్పుడు పాలసీ అడిగే నిబంధనే లేదు, 2019 చివర్లో తక్కువ కవరేజీతో మొదలుపెట్టి తర్వాత పెంచారు. ప్రీమియం వయసుతో పాటు మెట్లెక్కుతుంది. బీపీని ముందు నుంచీ ఉన్న జబ్బుగా రాసి పక్కన పెడతారు, అంటే గుండెపోటో పక్షవాతమో వస్తే దానికీ దీనికీ ముడి వేయొచ్చు. అందుకని గది కంటే, విమానం కంటే ముందు ఇన్సూరెన్సు కొటేషన్ తెప్పించండి. 62కి ఎంత అని మాత్రమే కాదు, 70కి ఎంత, 75 దాటాక రెన్యూ చేస్తారా అని రాతపూర్వకంగా అడగండి. బీపీ సంగతి దాచకండి. ఇంకో రకం వీసా మీద వెళ్తే పాలసీ అక్కర్లేదని అక్కడ నలుగురు చెబుతారు. నిజమే, వీసాకి అక్కర్లేదు. మీకు కావాలి. ఇక్కడి పాలసీని కూడా ఒక్క ఏడాదైనా తెగనివ్వకండి. పెద్ద జబ్బు చేస్తే వైద్యం ఎక్కడ చేయించుకుంటారన్న ప్రశ్నకి నా జవాబు ఎప్పుడూ విశాఖే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మొగుడూ పెళ్లాలకీ వర్తిస్తాయి. ఇకపై చెప్పేది మీకూ నాకూ మాత్రమే.

మూడో ఏడు వానాకాలంలో ఒక రాత్రి స్నానాల గదిలో జారాను. మడమ దగ్గర ఎముక విరిగింది. ఫోను మంచం మీద ఛార్జింగులో ఉంది. మంచానికీ నాకూ మధ్య పన్నెండు అడుగులు, ఒక గడప. పాకాను, గడప దాటలేకపోయాను. కేకలు వేస్తే వానలో ఎవరికి వినిపిస్తుంది? తెల్లారేదాకా ఆ తడి పలకల మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాను. నన్ను బతికించింది సోయా పాలు అమ్మే ఆవిడ. రోజూ ఆరున్నరకి మా సందు మొదట్లో ఆవిడ బండి దగ్గర ఒక గ్లాసు పాలు తాగి, నాకొచ్చిన నాలుగు థాయ్ మాటలూ ఆవిడ మీద ప్రయోగించేవాణ్ని. ఆ రోజు ఎనిమిదైనా నేను రాలేదని ఓనరమ్మకి చెప్పింది. ఓనరమ్మ దగ్గర రెండో తాళంచెవి ఉంది. ఆసుపత్రిలో ముందు అడిగినవి రెండు: డిపాజిట్, సంతకం ఎవరు పెడతారు. డబ్బు కార్డు మీద కట్టాను. సంతకం ఓనరమ్మ పెట్టింది.

అందుకని మీకు కావాల్సింది స్నేహితుల గుంపు కాదు, మీరు రాకపోతే "ఏమైంది" అనుకునే ఒక్క మనిషి. రోజూ ఒకే వేళకి ఒకే చోటికి వెళ్లండి, టీ బండో, గుడో, పార్కులో బెంచీయో. రెండో తాళంచెవి నమ్మకమైన వాళ్ల దగ్గర ఉంచండి. ఫోను మెడలో సంచీలో వేలాడాలి, బాత్రూములో కూడా. మీ పేరు, రక్తం గ్రూపు, మాత్రల అసలు మందు పేరు, పడని మందులు, ఎవరికి ఫోను చేయాలి అన్నవి థాయ్‌లో రాయించి ఫ్రిజ్ మీద ఒకటి, పర్సులో ఒకటి పెట్టుకోండి. ఇంకోటి: వాట్సాప్‌లో మనవాళ్లు పంపే గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలంటే మీకూ విసుగేమో. నాకూ విసుగే. వాటికి ఒక్క ఉపయోగం ఉంది. రోజూ పొద్దున్న చెల్లెలి కూతురికి ఒక బొమ్మ పంపండి. మన టైము ఎనిమిదిన్నరకి బొమ్మ రాకపోతే ఆ పిల్ల మీకు ఫోను చేయాలి, మీరు ఎత్తకపోతే ఓనరుకి చేయాలి. ఈ ఒప్పందం నోటిమాటగా కాకుండా నంబర్లతో సహా రాసి ఇవ్వండి.

ఫోను అన్నాను కదా, మీ ఇండియా సిమ్‌ని కళ్లలో ఒత్తులేసుకుని కాపాడుకోండి. నేను రీఛార్జి మర్చిపోయాను. వాడకం లేక మూడు నెలలకి నంబరు పోయింది. బ్యాంకు ఓటీపీ దానికే, ఆధార్‌కి తగిలించిందీ అదే. ఇరవై ఏళ్లు బ్యాంకులో పనిచేసిన మనిషిని, నా సొంత పెన్షన్ ఖాతాలోకి నేను దూరలేక విమానం ఎక్కి రావాల్సొచ్చింది. ఏడాది ప్లాను వేయించుకుని, రోమింగ్‌లో మెసేజ్ అందుతోందో లేదో ఆ మార్చి నెలలోనే చూసుకోండి. లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోనుకి ముఖం చూపించి ఇవ్వొచ్చు, అదీ ఒకసారి ఇక్కడ ఉండగానే చేసి చేయి తిప్పుకోండి.

వీలునామా రాశారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. పెళ్లి కాని, పిల్లలు లేని, అమ్మానాన్నలు కూడా లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే ఆవిడ ఆస్తి 1956 వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం తండ్రి వారసులకి వెళ్తుంది. అంటే మీ అన్నయ్యకీ చెల్లెలికీ. "నాకు బాగా దగ్గర" అని రాసిన ఆ పిల్లకి సూటిగా ఏమీ రాదు. ఎవరికి ఇవ్వాలన్నది మీ ఇష్టం, నేను చెప్పను. ఏదో ఒకటి రాసి, ఇద్దరు సాక్షులతో, కుదిరితే రిజిస్టరు చేయించి వెళ్లండి. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచిన రోజున దాని మట్టుకు ఒక చిన్న వీలునామా అక్కడి లాయరు చేత వేరే రాయించండి. ఫ్లాట్ పనుల కోసం ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే పన్ను కట్టడం, మరమ్మతు చేయించడం వరకే రాయించండి. అమ్మే అధికారం ఎంత దగ్గరవాళ్లకైనా వద్దు. ఇంకా బతికించాలా వద్దా అని డాక్టర్లు అడిగే పరిస్థితి వస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకునే హక్కుని మన సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, థాయ్‌లాండ్ చట్టంలోనూ ఉంది. ఆ కాగితం కూడా సిద్ధం చేసుకోండి. ఇది చదవడానికి బాధగా ఉంటుంది, రాసేసి సొరుగులో పెట్టాక నాకైతే తేలికగా ఉంది.

పిల్లలకి ఇంగ్లీషు చెప్పడం: ఈ వీసా మీద పనిచేయకూడదు. జీతం తీసుకోకపోయినా అది పని కిందకే రావచ్చు. "ఊరికే చెప్తున్నాను సార్" అంటే వినరు. ముందుగా వర్క్ పర్మిట్ సంగతి కనుక్కోకుండా బడిలో అడుగు పెట్టకండి. బదులుగా మీరే విద్యార్థిని అవ్వండి, థాయ్ నేర్చుకోండి. అక్కడ లెక్చరర్‌ని ఆచాన్ అంటారు, మన ఆచార్యే. భోజనం ఆహాన్, టైము వేలా, భాష ఫాసా, బ్యాంకు థనాఖాన్, అంటే ధనాగారం. మాటలు చుట్టాల్లా కనిపిస్తాయి గానీ స్వరం తప్పితే అర్థం మారిపోతుంది. మీరు శాకాహారులైతే మొదట నేర్చుకోవాల్సింది "మై సై నామ్ ప్లా", చేప పులుసునీరు వేయొద్దని. ఉట్టి కూరగాయలే అనుకున్నదాంట్లో కూడా అది పడుతుంది. శుక్రవారం పొద్దున్న బాన్ హో మసీదు దగ్గర కొండ జాతుల వాళ్లు, షాన్, బర్మా వాళ్లు పెట్టే సంత ఉంది. నాకు అక్కడ గోంగూర దొరికింది. బర్మా వాళ్లు మనలాగే దాన్ని ఇష్టంగా తింటారు. బోటనీ మేడమ్‌కి ఆ సంతలో ఒక పూట చాలదు.

ఇక అన్నయ్యగారు. "వెళ్లిపోతున్నాను" అన్న మాట వాడకండి, అది మీకే ఇంకా నిజం కాదు. ఫోనులో కాదు, ఇంటికి భోజనానికి పిలిచి చెప్పండి: మార్చిలో ఒక నెల వెళ్లొస్తున్నాను అన్నయ్యా, ఇల్లు అమ్మట్లేదు, ఇదిగో రెండో తాళంచెవి నీ దగ్గరుంచు, బాల్కనీలో కుండీలకి మూడు రోజులకోసారి నీళ్లు పోయించు అని. ఎండాకాలం మొదలు కదా, రెండు రోజులకోసారి అన్నా తప్పులేదు. ఆయన గొణుగుతాడు. తాళంచెవి మాత్రం తీసుకుంటాడు.

తిరిగొచ్చాక ఆ నెల రోజుల్లో దోయ్ సుతేప్ కొండ ఎన్ని రోజులు కనపడిందో లెక్కపెట్టి నాకు రాయండి.